జాడపట్టీ మీద జాడ లేదు

లాకప్‌లో చేతులు కట్టి వేలాడదీసిన మనిషి మొహం మీద బకెట్ నీళ్లు కొట్టారు. అతను కళ్లు తెరిచాడు. తెరవగానే మళ్లీ అదే ప్రశ్న, మళ్లీ అదే లాఠీ, ఈసారి అరికాళ్ల మీద.

"తుపాకీ ఎక్కడ దాచావురా?"

"నా దగ్గర తుపాకీ లేదు సార్. నావి తీగ ఉచ్చులు. అందరికీ తెలుసు."

అందరికీ తెలిసిన మాటే. అడవి పందినీ, దుప్పినీ ఉచ్చు వేసి పట్టడంలో అతనికి అతనే సాటి. పట్టిన పట్టు విడవడని ఉడుము అని పేరు పెట్టారు. పేరు నిలబెట్టుకుంటున్నాడు పాపం, నిన్న మధ్యాహ్నం నుంచీ ఒకటే మాట పట్టుకుని వేలాడుతున్నాడు. కింది పెదవి రెండుగా చీలింది. ఎడమ కన్ను పూర్తిగా మూసుకుపోయింది.

"అతన్ని దించండి" అని గుమ్మంలోంచి ఒక ఆడగొంతు వినిపించింది.

కానిస్టేబుల్ లాఠీ ఆపి ఇన్‌స్పెక్టర్ వైపు చూశాడు. ఇన్‌స్పెక్టర్ కుర్చీలో కూర్చుని, ఒక బూటు విప్పుకుని, మడమ మీద లేచిన బొబ్బని బొటనవేలితో నొక్కి చూసుకుంటున్నాడు. తల ఎత్తలేదు.

వచ్చినావిడ అటవీశాఖ నేర విభాగంలో దర్యాప్తు అధికారి. అంతకు ముందు చాలా ఏళ్లు గార్డులకు శిక్షణ ఇచ్చే బడిలో పాఠాలు చెప్పింది. ఆవిడతో అడవిలోకి వెళితే ఇంకొకరు గంటలో నడిచే దారికి ఒక పూట పడుతుంది. అందుకని కుర్రగార్డులు తాబేలు మేడమ్ అని పేరు పెట్టారు. ఆ సంగతి ఆవిడకి తెలుసు, కోపం లేదు. గబగబా నడిచేవాళ్లు ఏమేం తొక్కుకుంటూ పోయారో వెనక వచ్చి చూసే పని ఎవరో ఒకరు చెయ్యాలి కదా అని ఆవిడ లెక్క.

"మీ శాఖకి జంతువులు చాలవా మేడమ్? మనుషుల జోలికి కూడా వస్తున్నారు" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"చచ్చిపోయినవాడు మా మనిషి."

"అందుకేగా చంపినవాణ్ణి పట్టుకున్నాం. అది కూడా ఒక్క పూటలో."

నిన్న తెల్లవారుజామున, మూసేసిన పాత క్వారీకి వెళ్లే అడవి దారిలో రేంజర్‌ని కాల్చి చంపారు. పక్కన ఉన్న గార్డు రేంజర్‌కి స్వయానా బావమరిది. అతను కుడిచెయ్యి నుజ్జునుజ్జయి, స్పృహ తప్పి దొరికాడు. తెలివి వచ్చాక అతను చెప్పింది ఇంతే: ఉచ్చులు కోస్తుంటే వేటగాళ్లు మీద పడ్డారు, ముందు తన చెయ్యి చితక్కొట్టారు, తర్వాత తుపాకీ మోత వినిపించింది, ఆపైన ఏమీ తెలియదు. పోలీసులు మధ్యాహ్నానికల్లా ఉడుముని ఇంట్లో నిద్రపోతుండగా లాక్కొచ్చారు.

రేంజర్ ఆవిడ దగ్గర చదువుకున్నవాడే. పరీక్ష తప్పినప్పుడు ఆవిడే చీవాట్లు పెట్టి మళ్లీ రాయించింది. అప్పటినుంచి అక్కా అని పిలిచేవాడు. నిన్న శవాన్ని చూసినప్పుడు ఆవిడ ఏడవలేదు. ఏడవడానికి టైము తర్వాత దొరుకుతుందని పక్కన పెట్టింది.

"రేంజర్‌ని చంపిన తూటా ల్యాబ్‌కి పంపారా?"

"నా దగ్గర భద్రంగా ఉంది."

"భద్రంగా ఉండాల్సింది అక్కడ కాదు."

"నా కేసు ఎలా నడపాలో మీ దగ్గర నేర్చుకోవాలా? సాయంత్రం వీణ్ణి అడవికి తీసుకెళ్తున్నాం. తుపాకీ చూపిస్తాడు. దాంతో ఫైలు క్లోజ్."

ఈ ఇన్‌స్పెక్టర్‌తో తుపాకీ చూపించడానికి వెళ్లినవాళ్లు స్ట్రెచర్ మీద తిరిగొచ్చిన కథలు ఆవిడ విని ఉంది. పారిపోబోయాడు, కాల్చక తప్పలేదు, అంటారు. సాయంత్రంలోపు ఏదో ఒకటి తేల్చకపోతే ఉడుము శవమైపోతాడు, రేంజర్‌ని చంపినవాడు మీసం దువ్వుకుంటూ తిరుగుతాడు.

కానిస్టేబుల్ తాడు వదిలాడు. ఉడుము నేల మీద కుప్పకూలాడు. ఆవిడ పక్కన గొంతుక్కూచుని గ్లాసు నోటికి అందించింది. నీళ్లలో రక్తం కలిసింది.

"రేంజర్ మీద నీకు పగ ఉందా?"

"ఉంది. లేదని ఎందుకు చెప్పాలి? మూడుసార్లు పట్టుకున్నాడు. మూడోసారి గట్టిగా కొట్టాడు. కొట్టి ఆయనే ఆస్పత్రికి తీసుకెళ్లి కట్టు కట్టించాడు. అలాంటి మనిషిని తిట్టుకుంటాం గానీ చంపుతామా మేడమ్?"

"ఆయన పడిపోయిన చోట జాడపట్టీ ఉంది, తెలుసా?"

"అది తెలియకపోతే ఇన్నేళ్లు ఎలా బతుకుతాను? దాన్ని తొక్కితే మిమ్మల్ని పేరంటానికి పిలిచినట్టే. మేం పక్కన బండల మీదనుంచి పోతాం. మాలో ఒక్కడి చెప్పు కూడా దాని మీద పడదు."

ఇన్‌స్పెక్టర్ నవ్వాడు. "జాడపట్టీ ఏంటి?"

"దారికి అడ్డంగా జల్లెడ పట్టిన దుమ్ము మంచమంత వెడల్పున పరుస్తాం. పొద్దున్నే దాని మీద అడుగులు చూస్తే రాత్రి ఏ జంతువు ఎటు పోయిందో తెలుస్తుంది. చూశాక మళ్లీ చదును చేసి వదిలేస్తాం." ఆవిడ లేచి నిలబడింది. "నేను ఇప్పుడు అక్కడికే వెళ్తున్నాను. పైవాళ్ల అనుమతి ఉంది. మీరూ రండి."

"నేనెందుకు?"

"రేపు ఆవిడ ఒక్కతే వెళ్లి ఏదో మార్చేసింది అనడానికి వీల్లేకుండా."

అది సగం నిజం. ఇన్‌స్పెక్టర్ స్టేషన్‌లో లేకపోతే కాసేపు లాఠీకి విశ్రాంతి దొరుకుతుందనేది మిగతా సగం.

అడవి దారిలో ఇన్‌స్పెక్టర్ బూట్లు అడుగడుక్కీ కిర్రుకిర్రుమన్నాయి. కుంటుతున్నాడు. కాస్త దూరం పోయేసరికి ఆవిడే అతని కోసం ఆగాల్సి వచ్చింది. ఆవిడ జీవితంలో ఇలాంటిది జరగడం ఇదే మొదటిసారేమో.

"కొత్తవా?"

"ఆ."

"పాతవి ఏమయ్యాయి?"

"అరిగిపోయాయి. ఇప్పుడు నా బూట్ల మీద కూడా దర్యాప్తా?"

"కాస్త దూది పెట్టుకోండి. కొత్త అల్లుడిలా నడుస్తున్నారు."

వెనక వస్తున్న కానిస్టేబుల్ నవ్వాగక దగ్గు నటించాడు.

చుట్టూ తాడు కట్టి, ఇద్దరు పోలీసులు నిన్నటినుంచి కాపలా ఉన్నారు. లోపలికి ఎవరినీ, ఏ జంతువునీ రానివ్వలేదని ప్రమాణం చేసి చెప్పారు. వాన లేదు. ఆవిడ తాడు దాటి చాలాసేపు నిలబడింది. ఇన్‌స్పెక్టర్ ఒక బండ మీద కూలబడి, కొత్త బూటు లాగేసి, మడమకి గాలి తగలనిచ్చాడు.

"ఇన్‌స్పెక్టర్ గారూ, రేంజర్‌ని ఎక్కడ కాల్చారు?"

"ఆ చెట్టు దగ్గర. చూడండి, మాను మీద రక్తం ఇంకా ఉంది."

ఉంది. రేంజర్ గుండె ఎత్తున చిమ్మింది, అక్కడినుంచి కిందికి కారి ఎండిపోయింది. బెరడులో వెంట్రుకంత ఎముక ముక్క ఇరుక్కుని ఉంది. ఆవిడ దాన్ని చూసి కళ్లు పక్కకి తిప్పుకుంది.

"ఎక్కడ పడ్డాడు?"

"అదిగో, అవతల. సుద్దతో గీశాం కదా."

"ఇక్కడ దెబ్బ తగిలింది, అక్కడ పడ్డాడు. మధ్యలో ఈ పట్టీ ఉంది. ఎలా దాటాడు?"

ఇన్‌స్పెక్టర్ మడమ మీదనుంచి చెయ్యి తీశాడు.

చెట్టుకీ సుద్దగీతకీ మధ్య జాడపట్టీ అలికిన అరుగులా శుభ్రంగా పరుచుకుని ఉంది. ఛాతీలోంచి తూటా దూసుకుపోయాక తూలుతూ నడిచిన మనిషి అడుగు ఒక్కటి కూడా లేదు. అతని వెంట వెళ్లినవాళ్ల అడుగులూ లేవు.

"గాలికి చెరిగిపోయి ఉంటాయి."

"గాలి వస్తే దుమ్ముతోపాటు నాలుగు ఆకులు కూడా తెచ్చి పడేస్తుంది. ఇక్కడ ఎండుటాకు కూడా లేదు."

ఆవిడ మోకాళ్ల మీద వంగి, చాకు అంచుతో దుమ్మును పొరలు పొరలుగా గీరింది. పైపొర కింద గడ్డకట్టిన నల్లటి రక్తం బయటపడింది. ఇంకాస్త ముందు ఇంకొకటి. దాని పక్కన ఇంకా పెద్దది. వరసగా చెట్టు దగ్గరనుంచి సుద్దగీత దాకా పోయాయి. రక్తం పడ్డాకే ఎవరో దుమ్ము కప్పి చదును చేశారు. వేటగాడైతే దీన్ని ముట్టుకోకుండా బండల మీదనుంచి పోతాడు. మరీ తప్పక తొక్కితే కాలితో కెలికి పారిపోతాడు. ఇంత ఓపిగ్గా, ఈ అంచునుంచి ఆ అంచుదాకా వెనక్కి నడుస్తూ చదును చేసే పని ఇలాంటి పట్టీలు పరిచే గార్డులకే చేతనవును.

ఆవిడ మోకాళ్ల మీదే పాకుతూ మూలకి వెళ్లింది. వెళ్లేటప్పుడే మనసులో మొక్కుకుంది, అక్కడ ఏమీ ఉండకూడదని.

ఉంది. మూలలో కుడి అరచేతి అచ్చు. అయిదు వేళ్లూ విడివిడిగా, తిన్నగా, చేతి గీతలు కూడా లెక్కపెట్టేంత స్పష్టంగా ఉంది.

చదును చేశాక మూలలో అరచెయ్యి ఆనించి చూడాలి. చేతి గీతలు పడితే దుమ్ము సరిగ్గా ఉన్నట్టు. పడకపోతే మళ్లీ జల్లెడ పట్టాలి. బడిలో ఈ పాఠం నేర్పింది ఆవిడే. ఒక కుర్రాడు రోజూ మర్చిపోయేవాడు. వాణ్ణి ఎండలో నిలబెట్టి, చదును చేయించి, చెయ్యి ఆనింపించి, మళ్లీ చదును చేయించి, నిద్రలో లేపినా చేసేంతగా అలవాటు చేసింది. వాడు ఇప్పుడు ఆస్పత్రిలో కుడిచేతికి కట్టు కట్టుకుని పడుకుని ఉన్నాడు. వాడి పెళ్లిచూపులకు కూడా ఆవిడ వెళ్లింది.

నాలుగు ఫోటోలు తీసి, సంచిలోని టిఫిన్ డబ్బా మూత తీసి అచ్చు మీద బోర్లించింది.

"ఏముందక్కడ?" ఇన్‌స్పెక్టర్ లేచాడు.

"తేలు. బూటు విప్పుకుని ఉన్నారు, ఇటు రాకండి."

అతను రాలేదు. కానీ ఆ మూత వైపు చాలాసేపు చూశాడు. తర్వాత బూటు తొడుక్కుని, పక్కకి పోయి ఫోనులో గొంతు తగ్గించి మాట్లాడాడు. తిరిగొచ్చాక మొహంలో వెటకారం లేదు.

"ఇప్పుడెక్కడికి?"

"ఆస్పత్రికి. గార్డుతో మాట్లాడాలి."

"మంచిదే. ఉడుముని కూడా అక్కడికే తెప్పిస్తాను. గార్డు వాణ్ణి చూసి వీడే అంటే చాలు. అటునుంచి అటే అడవికి తీసుకెళ్తాం."

ఆస్పత్రి మెట్ల దగ్గరికి వీళ్లు చేరేసరికే పోలీసు వాన్ వచ్చి ఆగి ఉంది. వెనక వైపు ఇనుపజాలిని పట్టుకుని ఉన్న ఉడుము వేళ్లు కనిపించాయి.

"పది నిమిషాలు" అన్నాడు ఇన్‌స్పెక్టర్, వరండాలో ఆగిపోతూ.

గదిలో గార్డు పక్కమీద ఒరిగి కూర్చుని ఉన్నాడు. చేతికట్టు దిండంత లావుగా ఉంది. రేంజర్ భార్య పక్కన స్టూలు మీద కూర్చుని తమ్ముడికి చెంచాతో గంజి పడుతోంది. భర్త పోయి ఒక్క రోజు. కళ్లు వాచిపోయి ఉన్నాయి, చెయ్యి మాత్రం వణకడం లేదు.

"రండి వదినా. వీడికి పొద్దున్నుంచి ఏమీ దిగడం లేదు."

ఆవిడ తలుపు దగ్గరగా వేసి, మంచం చివర కూర్చుంది.

"ఒక్కటే అడుగుతానురా. నీ చెయ్యి ముందు పోయిందా, తుపాకీ ముందు పేలిందా?"

"చెయ్యే ముందు మేడమ్. నిన్న చెప్పాను కదా. చితక్కొట్టేశారు. నేను కింద పడ్డాక తుపాకీ పేలింది."

"అంటే బావ చనిపోయేటప్పటికి నీ కుడిచెయ్యి పని చెయ్యదు."

"చెయ్యదు."

"మరి బావ రక్తం మీద దుమ్ము చల్లి చదును చేసి, మూలలో కుడిచెయ్యి ఎలా ఆనించావు?"

చెంచా గార్డు పెదవుల దగ్గర ఆగిపోయింది.

ఆవిడ ఫోను అతని మొహం ముందు పెట్టింది. అయిదు వేళ్ల అచ్చు. అతను చూశాడు. చూసి, కట్టు కట్టిన చేతిని దుప్పటి కిందికి లాక్కోబోయాడు. అది లాగుతుంటే నొప్పికి మూలిగాడు.

"నేను నేర్పిందే నా ముందు పెట్టావురా" అంది ఆవిడ. "చెయ్యి ఆనించడం ఈ ఒక్కసారి మర్చిపోయి ఉంటే బాగుండేది."

"ఏంట్రా ఇది?" రేంజర్ భార్య తమ్ముణ్ణి అడిగింది. "వదిన ఏమంటున్నారు?"

"నేను చంపలేదక్కా. నీ మీద ఒట్టు, నేను చంపలేదు."

"మరి ఏం చేశావు?"

గార్డు పసిపిల్లాడిలా వెక్కుతూ చెప్పాడు. క్వారీ మూతపడింది కాగితాల మీదే. లోపల రాయి తవ్వుతూనే ఉన్నారు. తెల్లవారుజామున లారీలు వస్తాయి. అడవి గేటుకి కట్టిన గొలుసు ఎత్తడం అతని పని. గొలుసు ఎత్తడమే కదా, ఎవర్నీ ఏమీ చెయ్యడం లేదు కదా అనుకున్నాడు. నిన్న బావ చెప్పకుండా వచ్చేశాడు. లారీ ముందు నిలబడ్డాడు. దారి వదలమంటే వదల్లేదు. లారీ తాళం లాక్కోబోయాడు.

"ఎదురుగా నిలబెట్టి కాల్చేశాడు మేడమ్. బావ పడిపోలేదు. చెట్టు పట్టుకుని నిలబడి, నా వైపే నడిచాడు. నన్ను చూస్తూ నడిచాడు. పట్టీ దాటి పడిపోయాడు. కాల్చినవాడు ఆయన వెనకే వెళ్లి, బతికున్నాడేమోనని బూటుతో మెడ మీద తొక్కి చూశాడు."

రేంజర్ భార్య చేతిలో గిన్నె జారి గంజి నేలంతా చిందింది. ఆమె దాన్ని చూడను కూడా లేదు.

"తర్వాత?"

"అడుగులు చెరపమన్నాడు. చెరిపాను. చెయ్యి ఎప్పుడు ఆనించానో నాకే తెలియదు. అయ్యాక, ఒంటి మీద దెబ్బ లేకపోతే ఎవరు నమ్ముతార్రా అని చెయ్యి బండ మీద పెట్టమన్నాడు. ఒక్క దెబ్బే అన్నాడు. లారీలోంచి ఇనుపరాడ్డు తెచ్చాడు. ఒక్కటి కొట్టి ఆపలేదు మేడమ్. ఒక్కో వేలూ విడిగా..." మిగతా మాట ఏడుపులో కలిసిపోయింది.

"ఎవరు? ఉడుము వాళ్లయితే పట్టీ తొక్కరు. బావ అడుగులు ఉంటే నీకు నష్టం లేదు. ఎవరి బూటు అచ్చు చెరపడానికి అంత తొందరపడ్డారు?"

గార్డు తలుపు వైపు చూశాడు.

వరండాలో కిర్రు, కిర్రుమని చప్పుడు. తలుపు దాకా వచ్చి ఆగింది.

ఆవిడకి ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. ల్యాబ్‌కి చేరని తూటా. ఒక్క పూటలో దొరికిన నేరస్తుడు. అరిగిపోయాయని చెప్పిన పాత బూట్లు. కొత్త బూట్ల మీద అన్ని జోకులు వేసింది గానీ, రక్తం మరకలయిన బూట్లు వేసుకుని ఎవరూ స్టేషన్‌కి రారన్న సంగతి బుర్రకి తట్టలేదు. తనని తాను తిట్టుకుంది. ఇంతసేపూ హంతకుణ్ణి పక్కనే పెట్టుకుని తిరిగింది.

"పది నిమిషాలైంది మేడమ్" అన్నాడు ఇన్‌స్పెక్టర్ బయటనుంచి. తలుపు కొద్దిగా కదిలింది.

రేంజర్ భార్య లేచింది. అరుస్తుందేమో అనుకుంది ఆవిడ. అరవలేదు. నేల మీద గంజి తొక్కుకుంటూ వెళ్లి లోపలినుంచి గడియ పెట్టేసింది. వెనక్కి వచ్చి తమ్ముడి చెంప పగలగొట్టింది. ఇంకోటి కొట్టబోయి ఆగింది.

"అక్కా..."

"అలా పిలవకు. మొదట్నుంచి చెప్పు. ఇప్పుడు చెప్పిందంతా మళ్లీ చెప్పు. వదినా, ఆ ఫోను ఇటివ్వండి, నేను రికార్డు చేస్తాను. వీడి నోట్లోంచి ప్రతి ముక్కా నేను రాబడతాను."

ఆవిడ రికార్డింగ్ నొక్కి ఫోను ఆమె చేతిలో పెట్టింది. గార్డు మొదలుపెట్టాడు. ఈసారి, లారీల వెంట వచ్చిన ఇన్‌స్పెక్టర్ పేరుతో సహా చెప్పాడు.

తలుపు మీద పిడికిలితో రెండు దెబ్బలు పడ్డాయి. అతను తలుపు బద్దలు కొడతాడని ఆవిడ స్టూలు ఎత్తి పట్టుకుని నిలబడింది. కానీ బూట్ల చప్పుడు వెనక్కి తిరిగింది. దూరమైంది. మెట్ల మీద వేగం పెరిగింది.

స్టూలు చేతిలోనే ఉండిపోయింది. పారిపోతున్నాడా? కాదు. ఈ గదిలో గార్డు ఏం చెప్పినా, తప్పు చేసినవాడి మాట అని కోర్టులో కొట్టిపారేయించొచ్చు. ఈలోగా అడవిలో ఉడుము శవం, దాని పక్కన ఒక నాటు తుపాకీ దొరికితే కేసు ముగిసిపోతుంది.

ఆవిడ గడియ తీసి పరిగెత్తింది.

తాబేలు మేడమ్ పరిగెత్తడం ఇంతవరకు ఎవరూ చూడలేదు. ఆ రోజు ఆస్పత్రి వరండాలో ఉన్నవాళ్లంతా చూశారు. రెండేసి మెట్లు దూకింది. చివరి మెట్టు దగ్గర కాలు మడత పడి మోకాలు నేలకి కొట్టుకుంది. లేచి మళ్లీ పరిగెత్తింది. బయటికి వచ్చేసరికి వాన్ డ్రైవరు నేల మీద పడి ముక్కులోంచి కారుతున్న రక్తాన్ని చేత్తో ఆపుకుంటున్నాడు. అతని సీట్లో ఇన్‌స్పెక్టర్ కూర్చుని ఉన్నాడు. ఇంజన్ మోగుతోంది. జాలి వెనకనుంచి ఉడుము అరుస్తున్నాడు, "మేడమ్, వీడు ఒక్కడే ఎక్కాడు, ఇంకెవరూ లేరు."

ఆవిడ వెళ్లి గేటు మధ్యలో, వాన్‌కి ఎదురుగా నిలబడింది. ఫోను పైన గదిలో రికార్డు చేస్తూ ఉంది. తుపాకీ జీపులో ఉంది. చేతిలో ఏమీ లేదు. నిన్న పొద్దున రేంజర్ కూడా ఇలాగే నిలబడి ఉంటాడని అనిపించింది. అంతవరకు పక్కన పెట్టుకున్న ఏడుపు ఇప్పుడు వచ్చింది. తుడుచుకోలేదు.

కుడిచెయ్యి ఎత్తి, అరచెయ్యి చాపి, ఆగమంది.

అద్దం వెనకనుంచి ఇన్‌స్పెక్టర్ ఆ చేతినే చూశాడు. డబ్బా మూత కింద ఏముందో అతనికి అప్పుడు అర్థమైనట్టుంది. మొహం నల్లబడింది. గేరు పడిన చప్పుడు వినిపించింది.

ఆవిడ కదల్లేదు. వాన్ ముందుకి ఉరికింది.